పక్కపక్క పల్లె హైస్కూళ్లు టీచర్లను, ల్యాబులను పంచుకోవడం ఎలా? ఒక సమగ్ర మార్గదర్శి

ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్లు ఇద్దరున్నారు, ఫిజికల్ సైన్స్ టీచరు లేరు. ఆరు కిలోమీటర్ల అవతలి ఊళ్లో ఫిజికల్ సైన్స్ టీచరు ఉన్నారు, హిందీ టీచరు బదిలీపై వెళ్లాక ఆ పోస్టు ఖాళీగానే ఉంది. మూడో ఊళ్లో కంప్యూటర్ గది ఉంది, దానికి తాళం ఉంది, ఆ తాళం తీసేవాళ్లే లేరు. మూడు బడులూ వేరువేరుగా ఖాళీల జాబితాలు పంపి డీఎస్సీ కోసం ఎదురుచూస్తాయి. పదో తరగతి పిల్లలకు అంత తీరిక ఉండదు. మార్చి వచ్చిందంటే పరీక్ష రాయాల్సిందే.

ఉన్నదాన్ని ఇరుగుపొరుగు బడులు పంచుకోవాలన్న ఆలోచన పాతదే. 1964–66 నాటి కొఠారి కమిషనే స్కూల్ కాంప్లెక్సులను సూచించింది. 2020 జాతీయ విద్యా విధానం 5 నుంచి 10 కిలోమీటర్ల పరిధిలోని బడులన్నిటినీ ఒక హైస్కూలు చుట్టూ చేర్చి, టీచర్లను, ల్యాబులను, గ్రంథాలయాన్ని, ఆటస్థలాన్ని అందరూ వాడుకోవాలని చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో కాంప్లెక్సులు ఏనాడో ఏర్పడ్డాయి. సమావేశాలు జరుగుతాయి, హాజరు పట్టీలో సంతకాలు పడతాయి, ఫార్మాట్లు నిండుతాయి, టీ తాగి అందరూ ఇళ్లకు వెళతారు. పాఠం మాత్రం ఊరి పొలిమేర దాటదు.

అది దాటాలంటే ఏం చేయాలో హెడ్మాస్టర్లకు, ఎంఈవోలకు, బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులకు ఉపయోగపడేలా చెప్పడమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇలాంటి ఏర్పాట్లు మంచి మనసు కరువై చెడిపోవు. బెల్లు కలవక, బస్సు అందక, మార్కులు ఎవరు వేయాలో తేలక చెడిపోతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

మొదటి అడుగు: పోస్టులు కాదు, పీరియడ్లు లెక్కపెట్టండి

ప్రతి బడికీ ఒక కాగితం తీసుకోండి. ఎడమవైపు సబ్జెక్టులు, పక్కన వారానికి కావలసిన పీరియడ్లు, ఆ పక్కన ఇప్పుడు నిజంగా జరుగుతున్న పీరియడ్లు రాయండి. మంజూరైన పోస్టులు, ఖాళీల పట్టిక ఇక్కడ అక్కరకు రావు. ఖాళీల పట్టిక కొరతను మాత్రమే చూపిస్తుంది. పీరియడ్ల పట్టిక వెసులుబాటు ఎక్కడుందో కూడా చూపిస్తుంది. ఒక్కో తరగతికి ఒక్కటే సెక్షన్ ఉన్న చిన్న హైస్కూల్లో హిందీ టీచరుకు వారమంతా నిండా పని ఉండదు. పక్క ఊరికి కావలసింది ఆ మిగులు పీరియడ్లే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘మిగులు’ అనే మాట వింటేనే టీచర్లు ఉలిక్కిపడతారు. రేషనలైజేషన్‌లో (పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దడంలో) తమ పోస్టు ఎగిరిపోతుందేమోనని వారి భయం, అది ఊరికే పుట్టింది కాదు. అందుకే ఈ కాగితాన్ని హెడ్మాస్టర్ల మధ్యే ఉంచండి, అవసరం లేనిదే పైకి పంపకండి. సంబంధిత టీచరుతో ముందు విడిగా మాట్లాడండి. తన పేరు పక్కన అంకె వేశారని ఆయనకు సమావేశంలోనే మొదటిసారి తెలిస్తే ఏర్పాటు ఆ రోజే ఆగిపోతుంది.

కొరత తేలాక దాన్ని తీర్చడానికి మూడు దారులు కనిపిస్తాయి. టీచరు ఆ బడికి వెళ్లవచ్చు, పిల్లలు ఈ బడికి రావచ్చు, లేదా తెర మీద పాఠం చేరవచ్చు. నేను చెప్పేది ఇది: పాఠం కోసమైతే టీచరు కదలాలి, పరికరాల కోసమైతే పిల్లలు కదలాలి. నలభై మంది పిల్లలను రోజూ ఆరు కిలోమీటర్లు తిప్పి సైన్స్ చెప్పించడం కంటే ఒక టీచరు బండి మీద వెళ్లి రావడం తేలిక. కంప్యూటర్లను, కుట్టు మిషన్లను, త్రీడీ ప్రింటరును మాత్రం వారానికోసారి ఊరు మార్చలేం, వాటి దగ్గరికి పిల్లలే వెళ్లాలి. తెర మీద పాఠం మూడో దారి, మూడో స్థానంలోనే ఉండాలి. దాని సంగతి తరువాత చెబుతాను.

రెండో అడుగు: జత బడిని ఎంచుకోవడం

రెండు బడులతో మొదలుపెట్టండి. మూడోదాన్ని రెండో ఏడాది చేర్చుకోవచ్చు. ముగ్గురు హెడ్మాస్టర్లు, మూడు కమిటీలు, మూడు టైంటేబుళ్లు ఒకేసారి కుదరాలంటే జూన్ కాస్తా ఆగస్టు అవుతుంది.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి. మ్యాపులో నాలుగు కిలోమీటర్లే ఉన్నా మధ్యలో వాగు ఉంటే వానాకాలంలో అది ఇరవై కిలోమీటర్ల చుట్టు దారి అవుతుంది. బడి వేళకు బస్సు ఉందా, ఆటో తిరుగుతుందా, ఆగస్టులో కల్వర్టు మీద నీళ్లు పారతాయా అని ఆ ఊరివాళ్లనే అడగండి.

యాజమాన్యం ఒకటే అయితే పని సులువు. రెండూ జిల్లా పరిషత్ హైస్కూళ్లయితే ఎంఈవో, డీఈవో దగ్గరే విషయం తేలిపోతుంది. ఒకటి పరిషత్ బడి, మరొకటి గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలో, కస్తూర్బా విద్యాలయమో, మోడల్ స్కూలో అయితే రెండు శాఖలు ఒప్పుకోవాలి, అప్పుడు కలెక్టరు కార్యాలయం దాకా వెళ్లాల్సి రావచ్చు. అది అసాధ్యమని అనను. అయితే మొదటి ఏడాదే ఆ దారి పట్టవద్దు.

మాధ్యమం కూడా చూడండి. ఒక బడిలో తొమ్మిది, పది తరగతులు తెలుగు మాధ్యమంలో, మరో బడిలో ఇంగ్లిషు మాధ్యమంలో ఉంటే ఒకే టీచరు ఒకే పాఠాన్ని రెండు భాషల్లో సిద్ధం చేసుకోవాలి. ఆ భారాన్ని లెక్కలో వేసుకోండి.

మూడో అడుగు: ఊరితో మాట్లాడటం

పక్క బడితో పొత్తు అనగానే ఊళ్లో పుట్టే మొదటి అనుమానం, ‘మా బడి ఎత్తేస్తారా?’ అని. దీన్ని అమాయకత్వమని కొట్టిపారేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 కింద మూడు నుంచి అయిదు తరగతులను ప్రాథమిక పాఠశాలల నుంచి దగ్గరి హైస్కూళ్లకు తరలించినప్పుడు తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు ఎంత గొడవ పడ్డాయో అందరికీ గుర్తుంది. 2025లో ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి కొత్త ఉత్తర్వులు తెచ్చింది. విదేశంలోనూ ఇదే అనుభవం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పిల్లలు తగ్గిపోయిన పల్లె విద్యా జిల్లాలు మొత్తం తరగతులనే పంచుకుంటాయి. ఒక ఊరు హైస్కూలు నడిపితే మరో ఊరు నడిమి తరగతులు నడుపుతుంది, లేదా ఒక ఊరు తన హైస్కూలు పిల్లలందరినీ పొరుగు ఊరికే పంపుతుంది. అలా పంచుకున్న జతల్లో చాలావాటి విషయంలో కొన్నేళ్లకు ఆ రెండు విద్యా జిల్లాలూ ఒకటైపోయాయి. కాబట్టి పంచుకోవడం విలీనానికి మొదటి మెట్టు కాగలదని ఊరివాళ్లు భయపడితే వాళ్ల భయంలో నిజం ఉంది.

ఈ భయానికి ఉత్త భరోసా మందు కాదు, రాతలో హామీ ఇవ్వాలి. పిల్లల పేర్లు సొంత బడి రిజిస్టరులోనే ఉంటాయని, యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే ప్రభుత్వ గుర్తింపు సంఖ్య) మారదని, హాజరు, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు), టీసీలు అన్నీ సొంత బడి పేరు మీదే సాగుతాయని, ఈ ఏర్పాటు ఒక్క విద్యా సంవత్సరానికేనని తీర్మానంలో రాయండి. రెండు బడుల కమిటీలు విడివిడిగా తీర్మానం చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల యాజమాన్య కమిటీ, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ముందు విషయం పెట్టండి. సర్పంచిని తప్పకుండా పిలవండి. పిలవకపోతే ఆయన వ్యతిరేకించడానికి ఆ ఒక్క కారణం చాలు.

సమావేశంలో పథకాల పేర్లు, విధానాల పేర్లు వల్లించవద్దు. ‘మీ పిల్లలకు జూన్ నుంచి ఫిజిక్స్ చెప్పేవాళ్లు లేరు. వారానికి మూడు రోజులు పక్క ఊరి టీచరు వస్తారు. బదులుగా మన లెక్కల టీచరు ఒకరు అక్కడికి మూడు రోజులు వెళతారు’ అని చెబితే చాలు. తరువాత వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘మన సారు వెళ్లిన రోజు మన పిల్లలకు ఎవరు చెబుతారు?’ దానికి టైంటేబుల్ చేతికిచ్చి జవాబు చెప్పగలిగినప్పుడే సమావేశం పెట్టండి.

నాలుగో అడుగు: ఇచ్చిపుచ్చుకోవడం కాగితం మీద

అయోవా నుంచి మనం నేర్చుకోదగింది ఒకటుంది. అక్కడ తరగతులు పంచుకోవాలంటే చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉండాలి. సంతకాలకు ముందు బహిరంగ విచారణ జరపాలి. వచ్చే విద్యా సంవత్సరానికి సంబంధించిన ఒప్పందంపై ఈ ఏడాది ఫిబ్రవరి 1లోగా సంతకాలు పూర్తికావాలి. బడి తెరిచేది ఆగస్టులో. అంటే టైంటేబుల్‌కు, బస్సులకు, సిబ్బందికి అర ఏడాది గడువు దొరుకుతుంది. మన బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. జూన్ 12న కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెడితే వర్షాలు, బదిలీలు, పుస్తకాల పంపిణీ మధ్య అది మునిగిపోతుంది. వేసవి సెలవులకు ముందే, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒప్పందం పూర్తిచేయండి. బదిలీలు ఉండే ఏడాదైతే, ఆ టీచరు బదిలీ అయితే ఏం చేయాలన్నది కూడా రాసుకోండి.

అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా డబ్బు విషయంలో ఉంది. అయోవాలో పిల్లలను పంపే జిల్లా చేర్చుకునే జిల్లాకు రుసుము చెల్లిస్తుంది. మన దగ్గర జీతం ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి బడుల మధ్య డబ్బు మారదు, పీరియడ్లే మారతాయి. పన్నెండు ఫిజిక్స్ పీరియడ్లు తీసుకున్న బడి పన్నెండు లెక్కల పీరియడ్లో, హిందీ పీరియడ్లో ఇవ్వాలి. ఇచ్చేదేమీ లేకుండా తీసుకుంటూ పోతే మొదటి నెల మొహమాటంతో గడుస్తుంది, రెండో నెల సణుగుడు మొదలవుతుంది. సమానంగా ఇవ్వలేకపోతే కంప్యూటర్ గది, ఆటస్థలం, వ్యాయామ టీచరు సమయం ఇవ్వండి. ఏదో ఒకటి తిరిగి వెళ్లాలి.

ఒప్పందం నమూనా ఇలా ఉండవచ్చు:

‘ఫలానా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు (మొదటి బడి), ఫలానా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు (రెండో బడి) ఈ విద్యా సంవత్సరానికి కింది విధంగా అంగీకరించాయి.

1. మొదటి బడి ఫిజికల్ సైన్స్ టీచరు మంగళ, గురు, శనివారాలు రెండో బడిలో 8, 9, 10 తరగతులకు బోధిస్తారు. రెండో బడి గణితం టీచరు అవే రోజుల్లో మొదటి బడిలో బోధిస్తారు.

2. దసరా సెలవుల తరువాత ఇద్దరి రోజులూ తారుమారవుతాయి.

3. ఇద్దరు టీచర్లకూ రెండో చోట తరగతి బాధ్యత, మధ్యాహ్న భోజనం బాధ్యత, ఇతర రిజిస్టర్ల పని అప్పగించరాదు.

4. సెలవు కావలసినప్పుడు టీచరు సొంత బడి హెడ్మాస్టరుకే దరఖాస్తు చేస్తారు. ఆ విషయం అదే రోజు ఉదయం బడి మొదలయ్యేలోగా రెండో హెడ్మాస్టరుకు ఫోనులో తెలియాలి.

5. యూనిట్ పరీక్షలు, ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో జరిగే చిన్న పరీక్షలు), ఎస్‌ఏ (టర్ము చివరి పెద్ద పరీక్షలు) జవాబు పత్రాలు బోధించిన టీచరే దిద్దుతారు. మార్కులను పిల్లల సొంత బడి హెడ్మాస్టరు నమోదు చేయిస్తారు.

6. పిల్లల నమోదు, యూడైస్ వివరాలు, నామినల్ రోల్స్ మారవు.

7. ఏ బడి అయినా ముప్పై రోజుల ముందు రాతలో తెలిపి వైదొలగవచ్చు. అయితే డిసెంబరు నుంచి పదో తరగతి పరీక్షలు ముగిసే వరకు వైదొలగరాదు.’

ఏడో అంశం కఠినంగా కనిపించవచ్చు. పరీక్షల ముందు సిలబస్ సగంలో టీచరును వెనక్కి తీసుకోవడం మొదటినుంచీ టీచరు లేకపోవడం కంటే చెడ్డది. ఆ అంశాన్ని తీసేయవద్దు.

అయిదో అడుగు: ఉత్తర్వు

హెడ్మాస్టర్లు ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన టీచరును మరో బడికి పంపే అధికారం వారికి రాదు. కమిటీల తీర్మానాలు, ఒప్పందం, టైంటేబుల్ జతచేసి ఎంఈవో ద్వారా డీఈవోకు పంపి వర్క్ అడ్జస్ట్‌మెంట్ ఉత్తర్వు (టీచరు తాత్కాలికంగా మరో బడిలో పనిచేయడానికి అనుమతి) తెచ్చుకోండి. ఉత్తర్వులో రోజులు, బడుల పేర్లు స్పష్టంగా ఉండాలి. ‘అవసరాన్ని బట్టి’ అన్న మాట ఉంటే తీయించండి, ఆ మాట నీడలో ఎవరికి తోచిన అర్థం వారు తీస్తారు.

ఇప్పుడు టీచర్ల హాజరు ముఖ గుర్తింపు యాప్‌లో పడుతోంది, అది టీచరు ఉన్న చోటును కూడా చూస్తుంది. పక్క ఊళ్లో పాఠం చెబుతున్న టీచరు సొంత బడి లెక్కలో గైర్హాజరుగా పడితే రెండో వారానికే ఆయన ఉత్సాహం చల్లారుతుంది. జూన్‌లో మొదటి రోజుకు ముందే రెండు చోట్లా హాజరు పడేలా సరిచేయించండి. చేయించలేకపోతే ఉత్తర్వు నకలు ఎంఈవో కార్యాలయంలో ఇచ్చి రశీదు తీసుకోండి. ప్రయాణ ఖర్చు సంగతి కూడా ఇప్పుడే తేల్చండి. ఖర్చు వస్తుందో రాదో టీచరుకు ముందే తెలిసి ఉండాలి.

ఆరో అడుగు: టైంటేబుల్

ఏర్పాటు బతికేదీ చచ్చేదీ ఇక్కడే. ఒక లెక్క వేసి చూద్దాం. రెండు బడుల్లోనూ 8, 9, 10 తరగతులకు ఒక్కో సెక్షన్ ఉందనుకుందాం. ఒక్కో తరగతికి వారానికి నాలుగు ఫిజికల్ సైన్స్ పీరియడ్లు, రోజుకు ఎనిమిది పీరియడ్లు. ఒక్కో బడికి పన్నెండు, రెండు బడులకూ కలిపి ఇరవై నాలుగు. వారానికి నలభై ఎనిమిది పీరియడ్ల బడిలో ఇది ఒక టీచరు మోయగలిగిన భారమే, కాస్త ఊపిరి కూడా మిగులుతుంది.

దీన్ని రెండు విధాలుగా విడగొట్టవచ్చు. ఉదయం ఒక బడి, మధ్యాహ్నం మరో బడి అన్నది మొదటి విధానం. కాగితం మీద అందంగా ఉంటుంది, రెండు బడులకూ టీచరు రోజూ కనిపిస్తారు. నిజంలో భోజన విరామమంతా రోడ్డు మీద గడుస్తుంది. ఒకచోట పాఠం పది నిమిషాలు సాగితే మరోచోట పీరియడ్ పోతుంది, వాన పడితే మధ్యాహ్నమంతా పోతుంది. రెండో విధానం పూర్తి రోజులు: మూడు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ. రెండు బడులు నడిచివెళ్లే దూరంలో ఉంటే తప్ప నేను రెండోదే ఎంచుకుంటాను.

మూడు రోజుల్లో పన్నెండు పీరియడ్లంటే రోజుకు నాలుగు. తరగతులు మూడు. కాబట్టి ప్రతి రోజూ మూడు తరగతులకూ ఒక్కో పీరియడ్ పోగా ఒకటి మిగులుతుంది. దాన్ని సోమవారం ఎనిమిదికి, బుధవారం తొమ్మిదికి, శుక్రవారం పదికి జంట పీరియడ్‌గా కలపండి. ఇలా ప్రతి తరగతికీ వారానికి ఒక జంట పీరియడ్ దొరుకుతుంది. ప్రయోగాలు చేయించడానికి అదే సమయం. ఒంటరి పీరియడ్‌లో బీకర్లు తీసి కడిగి తిరిగి పెట్టేసరికే బెల్లు మోగుతుంది. నిజానికి ఈ పంపకం వల్ల, టీచరు వారమంతా ఒకేచోట ఉన్నప్పటికంటే ప్రయోగాలు ఎక్కువ జరిగే అవకాశం ఉంది.

ఏ రోజులు ఎవరివన్నది చిన్న విషయం కాదు. మంగళ, గురు, శనివారాలు తీసుకున్న బడి నష్టపోతుంది. రెండో శనివారం సెలవు, మిగతా శనివారాల్లో ఏదో ఒక కార్యక్రమం. అందుకే నమూనాలో దసరా తరువాత రోజులు తారుమారు చేయమన్నాను.

రెండు బడుల బెల్లులు ఒకే సమయానికి మోగాలి. ఒకచోట ప్రార్థన పావుగంట, మరోచోట అరగంట సాగితే రోజంతా తేడా వస్తుంది. జిల్లా సమయసారిణి ఒకటే కాబట్టి ఈ సమస్య ఉండదని హెడ్మాస్టర్లు అంటారు. గడియారం తీసుకుని ఒక వారం చూడండి.

ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలు రెండు చోట్లా ఒకే రోజు జరుగుతాయి, జవాబు పత్రాలు ఒకేసారి రెండింతలు వచ్చి పడతాయి. ఆ వారం టీచరుకు ఇతర పనులు తగ్గించండి. పదో తరగతి ప్రత్యేక తరగతులను కూడా టీచరు ఆ ఊళ్లో ఉన్న రోజుల్లోనే పెట్టండి. ఉదయం ఒక ఊళ్లో, సాయంత్రం మరో ఊళ్లో అని మొదలుపెడితే జనవరికల్లా ఆయన మంచం పడతారు.

ఏడో అడుగు: పిల్లలు కదిలినప్పుడు

కంప్యూటర్ గదికో, వృత్తి విద్య తరగతికో, అటల్ టింకరింగ్ ల్యాబుకో (పిల్లలు తమ చేతులతో పరికరాలు తయారుచేసి నేర్చుకునే ప్రయోగశాల) పిల్లలను పంపాలంటే ఆ పని వారానికి ఒక్క పూట మాత్రమే పెట్టండి. పూట మొత్తం ఒకే పనికి కేటాయించండి. రెండు పీరియడ్ల కోసం బస్సెక్కించడం దండగ.

ఆడపిల్లలకు బస్సు ఇప్పుడు కొంత సులువైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు బస్సుల్లో వారికి టికెట్ ఖర్చు లేదు. గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. మగపిల్లల విషయమే తకరారు. వారి పాసు ఇంటి నుంచి సొంత బడికి ఉంటుంది, పక్క ఊరి దారికి చెల్లదు. దాని ఖర్చు ఎవరు భరిస్తారో ముందే తేల్చండి. లేకపోతే కొన్ని వారాలకు ఆ తరగతిలో ఆడపిల్లలే మిగులుతారు, కారణం ఎవరికీ తట్టదు. బస్సు వేళ బడి వేళకు కలవకపోతే రెండు కమిటీలు కలిసి డిపో మేనేజరుకు వినతిపత్రం ఇవ్వండి. ఒక ఊరు అడిగితే వాయిదా పడే పని, రెండు ఊళ్లు సర్పంచుల సంతకాలతో అడిగితే జరిగే అవకాశం పెరుగుతుంది. ఆటోలో పదిహేను మందిని కుక్కి పంపే ఆలోచన మాత్రం ఎవరు తెచ్చినా ఒప్పుకోవద్దు.

తల్లిదండ్రుల అంగీకార పత్రం, వెంట ఒక టీచరు, వీలైతే ఒక తల్లి ఉండాలి. వెళ్లే బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి పనిచేస్తోందో లేదో ముందు రోజే కనుక్కోండి.

భోజనం లెక్క చిన్నదనిపిస్తుంది కానీ తగాదాలు ఇక్కడే వస్తాయి. ఆ పూట పిల్లలు ఎక్కడ తింటే అక్కడే లెక్కలో చూపించి, సొంత బడి లెక్కలోంచి ఆ రోజుకు తీసేయాలి. రెండు చోట్లా చూపిస్తే తనిఖీలో ఇబ్బంది, ఎక్కడా చూపించకపోతే వంట చేసేవారి చేతి చమురు వదులుతుంది. కేంద్ర పథకం ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుంది, తొమ్మిది, పది తరగతులకు రాష్ట్రాలే భరిస్తాయి. రెండు లెక్కలూ వేరు కాబట్టి ఏ తరగతి పిల్లలు ఎంతమంది వచ్చారో విడిగా రాయండి. వంట ఏజెన్సీకి ముందు రోజు సాయంత్రమే సంఖ్య చెప్పండి.

ఇక ఏ గదికి వెళ్లాలి? సమగ్ర శిక్షలో (కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే బడుల పథకం) వృత్తి విద్యకు ఒక కేంద్ర బడి, దాని చుట్టూ అనుబంధ బడులు అనే పద్ధతి ఉంది. కేంద్ర బడిలోని పరికరాలను చుట్టుపక్కల తొమ్మిదో తరగతి పిల్లలూ వాడుకోవచ్చు. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి వచ్చాయి. ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు పిల్లల కోసం, ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు. పొరుగు బడుల పిల్లలనూ రానివ్వాలన్నది వాటి ఉద్దేశంలోనే ఉంది. 2022లో మొదలైన పీఎం శ్రీ బడులు (కేంద్ర పథకం కింద ఆదర్శ బడులుగా ఎంపికైనవి) కూడా చుట్టుపక్కల బడులకు దారి చూపాలి. కాబట్టి అడిగేటప్పుడు దయచేయమన్నట్టు అడగనక్కరలేదు. అయితే వాడిన వైర్లు, బ్యాటరీలు, సెన్సర్ల ఖర్చు మీ బడి పెట్టుకోండి. 100 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి 50 వేల రూపాయల స్కూల్ గ్రాంటు ఉంటుంది. అందులోంచి కొంత తీస్తే సరిపోతుంది, మరుసటి వారం మీ పిల్లలకు తలుపు తెరిచే ఉంటుంది.

న్యూయార్క్ రాష్ట్రంలో 1948 నుంచి సహకార విద్యా సేవల బోర్డులు ఇదే పని పెద్ద ఎత్తున చేస్తున్నాయి. చిన్న విద్యా జిల్లాలు వృత్తి విద్య వర్క్‌షాపులను విడివిడిగా కట్టుకోకుండా ఉమ్మడిగా ఒకటి నడుపుకుని పిల్లలను రోజులో కొంత భాగం అక్కడికి పంపుతాయి, మిగతా చదువు సొంత బడిలోనే. సగం రోజు పద్ధతి మనకూ పనికొస్తుంది. మొత్తం రోజు పంపితే ఇతర సబ్జెక్టుల టీచర్లు ఎదురుతిరుగుతారు, వారి పక్షాన న్యాయం కూడా ఉంటుంది.

ఎనిమిదో అడుగు: తెర మీద పాఠం

నాడు–నేడు, మన ఊరు–మన బడి కార్యక్రమాల తరువాత రెండు రాష్ట్రాల్లో చాలా హైస్కూళ్లకు ఐఎఫ్‌పీ తెరలు (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలు) వచ్చాయి. ఒక బడిలో చెప్పే పాఠాన్ని మరో బడి తెర మీద చూపించవచ్చన్న ఊహ అందరికీ వస్తుంది. సందేహాల నివృత్తికి, పరీక్షల ముందు పునశ్చరణకు అది బాగా పనికొస్తుంది. కొత్త పాఠం మొదటిసారి చెప్పడానికి పనికిరాదు. వెనుక బెంచీలో అర్థం కాని ముఖం తెరలో కనబడదు.

వాడాలనుకుంటే తెర ఉన్న గదిలో మరో టీచరు తప్పకుండా ఉండాలి. ఆయనకు ఆ సబ్జెక్టు రాకపోయినా ఫర్వాలేదు, పిల్లల పేరు పిలిచి ప్రశ్న అడిగించడమే ఆయన పని. చెప్పడం ఇరవై నిమిషాలకు మించకుండా చూసి, మిగతా సమయం నోటు పుస్తకంలో లెక్క చేయించండి. నాలుగైదు పుస్తకాల ఫొటోలు తీసి అటువైపు టీచరుకు పంపితే పాఠం ఎంత అందిందో ఆయనకు తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోండి, అది పోతుంది.

తొమ్మిదో అడుగు: సరిచూసుకోవడం

దసరా సెలవులకు ముందు హెడ్మాస్టర్లిద్దరూ కూర్చోండి. మార్కులు చూడటానికి అప్పుడే తొందరలేదు. ఒక్క అంకె చూడండి: జరగాల్సిన పీరియడ్లు ఎన్ని, జరిగినవి ఎన్ని. ఈ అంకెను ప్రతి నెలా నోటీసు బోర్డు మీద రాస్తే ఇంకా మంచిది, తల్లిదండ్రులు చదువుతారు. నాలుగింట మూడు వంతులైనా జరగకపోతే కారణం వెతకండి. సెలవులా, బస్సా, లేక ఒక హెడ్మాస్టరు టీచరును వేరే పనికి వాడుకున్నారా? మూడో కారణమే అయితే మొహమాటపడకుండా ఒప్పందంలోని మూడో అంశం తీసి చూపించండి.

టీచరును కూడా అడగండి. ఆయన చెప్పే ఇబ్బందులు చాలావరకు చిన్నవే: రెండో బడిలో కూర్చోవడానికి కుర్చీ, పుస్తకాలు పెట్టుకోవడానికి బీరువాలో ఒక అర, ల్యాబు తాళం. వీటిని ఆ వారంలోనే తీర్చండి.

ఏడాది మధ్యలో కొత్త డీఎస్సీ నియామకాలు జరిగి ఖాళీ పోస్టు నిండితే సంతోషమే, కానీ పాత ఏర్పాటును మరునాడే తెంచవద్దు. నడుస్తున్న యూనిట్ పూర్తయ్యే దాకా పాత టీచరే కొనసాగాలి. అప్పగింత రోజు కొత్త టీచరుకు మూడు కాగితాలు అందాలి: ఏ తరగతిలో ఏ పాఠం వరకు అయిందో చెప్పే పట్టిక, మార్కుల రిజిస్టరు నకలు, ల్యాబులో ఏ వస్తువులు ఎన్ని ఉన్నాయో తెలిపే జాబితా. ఆ జాబితా మీద హెడ్మాస్టర్లిద్దరి సంతకాలూ ఉండాలి. పొరుగు బడి నుంచి తెచ్చిన వస్తువులు ఏవైనా ఇక్కడే మిగిలిపోయి ఉంటే వాటిని వేరుగా గుర్తుపెట్టి, అదే రోజు తిరిగి పంపండి.